చించినాడ వంతెన మీద పదిహేడోసారి

మా ఊళ్ళో కొండ లేదు.
ఉన్న ఎత్తల్లా కాలవ గట్టు,
రైసుమిల్లు వెనకాల ఊక కుప్ప.
నిమ్మకాయ కింద పెడితే
ఎటు దొర్లాలో తెలీక అక్కడే ఉండిపోయే నేల ఇది.
ఇలాంటి చోట పుట్టినవాడికి
కొండలెక్కే సైకిలెందుకని మా ఆవిడ అడిగింది.
జవాబు చెప్పకుండా గొలుసుకి నూనె రాశాను.

సంగతేంటంటే, మొన్న మాఘంలో
మారేడుమిల్లి ఘాటీలో
మూడో మలుపు దగ్గర దిగిపోయాను.
మర్యాదగా దిగడం కాదు,
బూటు పెడల్లో ఇరుక్కుని
సైకిలుతో సహా ఒరిగి
వెదురు పొదలో పడ్డాను.
వెనకాల వస్తున్న కాకినాడ కుర్రాళ్ళు
"ఓకేనా అంకుల్?" అన్నారు, ఆగకుండా.
మోకాలు వారంలో మానింది.
ఆ అంకుల్ ఇంకా పచ్చిగానే ఉంది.

అప్పట్నించీ ఇదే నా కొండ.
తెల్లారగట్ల, రొయ్యల చెరువుల్లో
ఏరేటర్లు నురగ కక్కుతుండగా,
దిండి వైపు నించి ఒకసారి,
పాలకొల్లు వైపు నించి ఒకసారి.
కింద వశిష్ఠ. పైన నేను.
నాలుగోసారికి తొడలు మాట్లాడతాయి.
తొమ్మిదోసారికి తిడతాయి.
పన్నెండోసారికి ఏమీ అనవు,
అప్పుడే భయమేస్తుంది.
చెరువు నీళ్ళలో ఉప్పు కొలవడం నా ఉద్యోగం.
కనుబొమ్మల మీంచి కంట్లోకి దిగేదాన్ని మాత్రం
ఇంతవరకూ కొలవలేదు.

గాలి సంగతి చెప్పలేదు కదూ.
నర్సాపురం అవతల సముద్రం మీద లేచి
ఏ చెట్టూ ఆపకుండా నా ఛాతీ దాకా వస్తుంది.
కొండకైనా ఎక్కడో ఒకచోట
ఇక చాలు పొమ్మనే శిఖరముంటుంది.

టీకొట్టు మంగతాయారు మొదటివారం ఊరుకుంది.
రెండోవారం అడిగింది:
"ఏం పారేసుకున్నారండీ వంతెన మీద, ఉంగరమా?"
ఆయ్, అదేనండీ, అన్నాను.
ఆ మర్నాటి నించి
రోడ్డు ఊడ్చే మనిషికి చెప్పి మరీ
ఆవిడ కూడా వెతికిస్తోంది.

ఇవాళ పదిహేడోసారి.
నా ముందు ఏసుపాదం.
పాత సైకిలు, గేర్లు లేవు,
బ్రేకంటే చెప్పుకాలే,
అటొకటి ఇటొకటి ఒలిచిన కొబ్బరికాయల గోతాలు.
ఎత్తు మొదలవగానే దిగిపోయాడు.
హ్యాండిలు మీదకి వంగి తోస్తున్నాడు.
దిగినందుకు సిగ్గుపడలేదు,
చేతికి చూసుకోడానికి గడియారమూ లేదు.
నేను పక్కకొచ్చేసరికి
నా రొప్పు విని అన్నాడు:
"పైకి సూడకండి బాబూ.
ముందు సెక్రం కింద ఎంతుందో అంతే దారి."

అంతలో గోతంలోంచి ఒక కాయ జారింది.
నేనింతసేపూ పళ్ళు బిగించి ఎక్కినదాన్ని
ఆడుతూ పాడుతూ దిగిపోయింది.
ఇద్దరం నిలబడి చూశాం.
"తెత్తారా?" అన్నాడు.

జెర్సీ వెనక జేబులో కాయ.
అడుగడుక్కీ నడుమ్మీద పొడుస్తోంది.
ఆ పొడుపుల మధ్యే తట్టింది:
మాకు కొండ లేకపోవడమేంటి,
నేను దిగిపోయిన ఆ కొండలే కదా
వానవానకీ కాస్త అరిగి
ఎర్రనీళ్ళై ఈ నది వెంట వచ్చి
మా చేల కింద పడుకున్నాయి.
ఆ ఎత్తంతా ఇక్కడే ఉంది, పరిచేసి.

ఇది ఓదార్పేం కాదు.
మూడో మలుపు ఇంకా అరగలేదు,
అక్కడే ఉంది.

పైన ఏసుపాదం కాయ తీసుకోలేదు.
"మోసినోరిదే," అని
సైకిలెక్కి, కాళ్ళు చాపేసి,
దిండి వైపు జారిపోయాడు.
నేను ఇటు దిగాను.
మంగతాయారు నా ఉబ్బిన జేబు చూసి
గ్లాసు కడుగుతున్నదల్లా ఆగింది.
"దొరికిందాండీ?"

లేదండీ, అన్నాను.
రేపు కూడా వస్తాను.